పడవ బండికి కొత్త కాళ్లు

చెంగమ్మ అల్లుడితో నేరుగా మాట్లాడదు. అత్త అల్లుడి ఎదుటపడి మాట్లాడటం వాళ్ల ఇళ్లల్లో లేదు. మధ్యలో కూతురు రేవతి ఉండాల్సిందే. ముగ్గురూ ఒకే వసారాలో ఉన్నా సరే, "ఆయప్పకు ఇంకొంచెం చారు కావాల్నేమో అడగమ్మా" అంటుంది. అల్లుడు ప్రతాప్‌కు ఆ మాట వినబడనే వినబడుతుంది, అయినా రేవతి మళ్లీ చెప్పేదాకా తలెత్తడు. వీధి జనం నవ్వుకున్నా, ఆ మర్యాదంటే చెంగమ్మకు ప్రాణం.

పుంగనూరు పక్కన ఆ పల్లె చెరువులో చేపలు పట్టుకునే గుత్త ఒక సంఘానిది. వల లాగే పడవ మాత్రం చెంగమ్మది. మొగుడు పోయాక కూడా సంఘంలో ఆమెకు చోటుందంటే ఆ పడవ చలవే. ఈ ఎండలకు నీళ్లు అడుగంటి, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. రేపు తెల్లారే వల వేయాలి. పడవ రాకుంటే మదనపల్లె నుంచి వేరేది తెప్పిస్తానని సంఘం పెద్ద సుబ్రహ్మణ్యం ముందే చెప్పేశాడు. వేరే పడవ ఒక్కసారి ఆ చెరువులో దిగిందంటే తన చోటు పోయినట్టే.

సరిగ్గా ఇవాళ పొద్దున పడవను మోసే ట్రాలీకి ఒక కాలు విరిగింది. పడవ అడుగును పట్టి నిలిపే ఇనుప కాళ్లు నాలుగూ తుప్పుపట్టి, వేలితో నొక్కితే పొరలుగా రాలుతున్నాయి. వెల్డింగ్ అంగడాయన ఈ వారం కుదరదన్నాడు.

ప్రతాప్ కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీ మనిషి. రేవతిని పుట్టింట్లో దింపిపోదామని వచ్చాడు. కాఫీ తాగి, లుంగీ పైకి కట్టి, ట్రాలీ కిందికి దూరాడు. చెంగమ్మ గబగబా వసారా దిగింది. తాను కోడిని కోసిపెట్టాల్సిన అల్లుడు మట్టిలో పండుకోవడమా?

"యాలమ్మా ఆయప్పకు ఈ కర్మ? లెయ్యమని సెప్పు" అంటూనే పోయి గేటు మూసింది. ఎవరి కంట్లో పడినా పరువు పోతుందని ఆమె భయం.

"రేవతీ, ఈ కాళ్లకు గోనెపట్టలు సుట్టింది ఎవరు?" కింద నుంచే అడిగాడు ప్రతాప్.

"మా నాయన. పడవకు గీతలు పడకూడదని."

"ఇనుమును తినేసింది అదే. గోనె తడిని వదలదు. మా ఫ్యాక్టరీలో రాయిని ఆనించేదానికి రబ్బరు వేస్తాము."

చెంగమ్మకు చివుక్కుమంది. మొగుడు మొదలుపెట్టిన పనని ఏటా తన చేత్తోనే కొత్త గోనె చుడుతోంది. కానీ చూస్తే అల్లుడి మాట నిజమే. గోనె ఉన్నచోటే ఇనుము బాగా తినిపోయింది.

ప్రతాప్ పుంగనూరు పోయి ఇనుప కమ్మీలు కోయించి, బోల్టులకు బెజ్జాలు వేయించి తెచ్చాడు. ఇంట్లో మూలనపడ్డ ట్రాక్టర్ ట్యూబును పట్టీలుగా కోశాడు. నీలగిరి వాసాన్ని మీటలా పెట్టి పడవను ఒక పక్క లేపుతుంటే, రేవతి టమోటా క్రేట్లు దాని కిందికి తోసింది. తుప్పు బోల్టుల మీద సుత్తి ఎత్తకుండా కిరసనాయిలు పోసి, నానేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. కాళ్లన్నీ ఒకేసారి పీకలేదు. ఒకటి తీసి, దాని చోట కొత్తది బిగించాకే రెండోదాన్ని ముట్టుకున్నాడు. బండరాళ్లతో బతికే మనిషికి బరువంటే భయమూ ఉంది, మర్యాదా ఉంది. వంటింటి గడపలో నిలబడిన చెంగమ్మకు ఆ తీరు ఎంతగా నచ్చిందంటే, పొయ్యి మీద కూర మాడిన సంగతి కూడా తెలియలేదు.

చివరి కాలు కూడా బిగించాక, దాని మీద రబ్బరు పట్టీ సర్దడానికి ప్రతాప్ పడవ కింద చెయ్యి పెట్టాడు. రేవతి నీళ్లకని కొళాయి దగ్గరికి పోయింది. అప్పుడు చిన్నగా టిక్కుమని వినబడింది. ఏళ్ల తరబడి టమోటా కోతలకు పోయిన చెంగమ్మకు ఎండకు పెళుసుబారిన క్రేటు చప్పుడు బాగా తెలుసు.

"ప్రతాపా, సెయ్యి తియ్యప్పా."

ప్రతాప్ చెయ్యి లాక్కున్నాడు. క్రేటు పగిలింది. పడవ దబ్బున కొత్త కాళ్ల మీద కూలబడింది. ట్రాలీ ఊగింది గానీ కాళ్లు కదల్లేదు.

చెంగమ్మ కొంగు లాక్కుని వంటింట్లోకి పోయింది. రేవతి బిందెతో వచ్చిన అలికిడి విని, "దెబ్బేమన్నా తగిలిందేమో అడగమ్మా" అంది లోపల్నించి.

ఈసారి ప్రతాప్ రేవతి కోసం ఆగలేదు. "తగల్లేదత్తా" అన్నాడు.

తెల్లారి ట్రాక్టరు వెనక పడవ జరగకుండా, ఒరగకుండా చెరువు చేరింది. సుబ్రహ్మణ్యం ట్రాలీ చుట్టూ తిరిగి, వంగి, కాళ్లు తడిమి చూశాడు.

"బాగుండాది. ఎవరు సేసినారమ్మా, మదనపల్లె మేస్త్రీనా?"

నిన్న గేటు మూసిన చెంగమ్మే, ఇవాళ కట్ట మీదున్న వాళ్లందరికీ వినబడేలా చెప్పింది. "మా అల్లుడు. మట్టిలో పండుకోని సేసినాడు."

ప్రతాప్ అంత దూరాన ట్రాక్టరు పక్కన నిలబడి ఉన్నాడు. చెంగమ్మ అతని వైపు తిరిగింది.

"ఆడ యాల నిలబడుకోని ఉండావప్పా? ఈడికి రా, పడవలో ముందు నువ్వే ఎక్కు."

రేవతి అలవాటుకొద్దీ ఆ మాట అందించబోయింది. అప్పటికే ప్రతాప్ వచ్చి అత్త పక్కన నిలబడ్డాడు.