వసారా గాలి

1993లో కాలేజీలో ఫిజిక్స్ చెప్పే పాండురంగారావు మాస్టారు బాపట్లలో బసవలింగం ఇంటికొచ్చి, మగ్గం గదిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా మేకుకు తగిలించారు.

"నేలలోంచి రేడాన్ అనే గాలి పైకొస్తుందండి. రంగూ వాసనా ఉండవు. మూసిన గదిలో పేరుకుంటే, ఏళ్ల తరబడి పీల్చేవాళ్ల ఊపిరితిత్తులకు ముప్పు. ఎంత ఉందో ఈ డబ్బాలో ఫిల్ము మూడు నెలల్లో చెబుతుంది. తడవనివ్వకండి."

ఆనాటి నుంచి బసవలింగం భార్య నాగరత్నానికి కుదురు లేదు. అతను పొద్దస్తమానం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకునే నేస్తాడు. ఆమె కిటికీ తెరిస్తే అతను మూసేవాడు.

"గాలి తగిలితే పోగులు ఆరి తెగిపోతాయి. తెలీదా ఏంటి?"

"పోగు తెగితే అతుక్కుంటారు. మీ ఊపిరి తెగితే ఎవరతుకుతారండి?"

అతను దగ్గినప్పుడల్లా ఆమె గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చేది.

మూడు నెలలయ్యాక డబ్బా తీసుకెళ్లిన మాస్టారు, కొన్నాళ్లకు మళ్లీ వచ్చారు. "చాలా తక్కువండి. భయం లేదు."

"విన్నావా?" అంటూ బసవలింగం కిటికీకి గడియ పెట్టి గుంటలోకి దిగాడు.

"మూసి ఉంచే గదిలో ఇంత తక్కువ రావడం విచిత్రమే" అన్నారు మాస్టారు.

నాగరత్నానికి అప్పుడు తట్టింది. పోగులు ఆరకుండా ఆ గదిలో రోజూ నీళ్లు చల్లుతారు. డబ్బా తడుస్తుందని బసవలింగం మొదటిరోజే దాన్ని వసారాలోకి మార్చాడు. మాస్టారు దాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన పూట మాత్రం తెచ్చి మేకుకు తగిలించాడు.

"మీరు కొలిచింది మా వసారా గాలండీ!" అంటూ ఆమె గడియ లాగేసింది.

గాలి విసురుకు ఒక పోగు పుటుక్కున తెగింది. ఈసారి బసవలింగం కిటికీ జోలికి పోకుండా, తెగిన పోగు అతకడానికి వంగాడు.