అన్నిటికీ కలిపి ఒక్క దండం

రెండు నెలలుగా సుమతి చెరువు చుట్టూ ఒక్కతే నడుస్తోంది. అమెరికాలోని ట్రాయ్‌లో ఇల్లు కొన్ననాటి నుంచీ ఆ నడక మొగుడూ పెళ్ళాలిద్దరిదీ. కార్ల కంపెనీలో పనిచేసి రిటైరైన సూర్యప్రకాశ్‌కి మొన్నటి చలికాలంలో షుగర్ వల్ల పాదాలు బిగుసుకుపోయాయి. అడుగేస్తే మేకుల మీద వేసినట్టుంటుంది.

"పెద్దబాతులు పిల్లల్ని లేపాయండీ. ఐదు! పసుపు ముద్దల్లా ఉన్నాయి," అంది సుమతి, బూట్లు విప్పుతూ.

"ఊఁ," అన్నాడాయన. అవి పెద్దవైపోయేలోగా ఆమె పక్కన నడుస్తూ చూడాలని ఆయన కోరిక. అది ఆ 'ఊఁ'లోనే ఆమెకి తెలిసిపోయింది.

వీళ్ళ కళ్ళముందు పెరిగి డాక్టరైన ఉజ్వలకి ఫోన్ చేసింది.

"థాయ్ ఫుట్ మసాజ్ ట్రై చేయండి ఆంటీ. అంకుల్‌కి షుగర్ పోతుందని చెప్పను. బిగుతు తగ్గొచ్చు, నిద్ర పట్టొచ్చు. మొన్న చూశాగా, పుండ్లు లేవు, స్పర్శ బాగానే ఉంది. గట్టిగా నొక్కొద్దని మాత్రం చెప్పండి."

మనవాళ్ళ కిరాణా షాపు పక్కనే ఉంది ఆ మసాజ్ కొట్టు. మాలీ అనే ఆవిడ గోరువెచ్చని నీళ్ళలో ఆయన పాదాలు పెట్టించి, తను చిన్న పీట మీద కూర్చుంది. తెల్లటి జుట్టు. నొక్కీ నొక్కీ రెండు బొటనవేళ్ళూ వెనక్కి వంగిపోయాయి. సూర్యప్రకాశ్ ఆ వేళ్ళకేసే చూస్తున్నాడు.

"మీకెన్నేళ్ళండీ?" అన్నాడు ఇంగ్లీషులో.

"డెబ్భై నాలుగు."

ఆయనకి డెబ్భై ఒకటి. చటుక్కున పాదం వెనక్కి లాక్కున్నాడు. ఒంగి, ఆవిడ భుజం తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆవిడ మళ్ళీ పాదం పట్టుకుంది. ఆయన మళ్ళీ ఒంగాడు. నాలుగోసారికి మాలీ మెచ్చుకోలుగా తలూపింది.

"నడుముకి మంచి వ్యాయామం!"

"వ్యాయామమా పాడా! ఈ లెక్కన గంటా ఈయన దండాలకే సరి," అని నవ్వాపుకోలేక, పెద్దవాళ్ళకి కాలు తగిలితే మనవాళ్ళేం చేస్తారో సుమతి వివరించి చెప్పింది.

మాలీ కూడా నవ్వింది. "మా దేశంలోనూ పాదం ఎవరివైపూ చాపం. కానీ నా పనే పాదం. మీరలా ఒంగుతుంటే నేనెలా నొక్కను? చివర్న ఒక్కసారి దండం పెట్టండి, అన్నిటికీ కలిపి."

ఆయన ఆలోచించాడు. బాకీ పెట్టుకుంటే తప్పులేదనిపించింది. కాలిచ్చాడు.

ఆవిడ తైలం రాసి మడమ నుంచి వేళ్ళదాకా మెల్లగా దువ్వింది. గోటీబిళ్ళలో బిళ్ళంత కర్రముక్కతో అరికాలి మీద సున్నితంగా ఒత్తింది. ఒత్తిన చోటల్లా ముందు చురుక్కుమని, తర్వాత వెచ్చబడింది. కాసేపటికి సూర్యప్రకాశ్ గురక అద్దాల తలుపు దాకా వినిపించింది.

లేవగానే ఆయనకి బాకీ గుర్తొచ్చింది. వద్దు వద్దంటున్నా మోకాళ్ళ మీద వంగి మాలీ పాదాలు తాకాడు. ఆవిడ సిగ్గుపడి చేతులు జోడించింది. ఆయన కుర్చీ పట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు. సుమతి అది చూసింది.

నాలుగు వారాలు వరసగా వెళ్ళారు. మేకులన్నీ పోలేదుగానీ కొన్ని ఊడాయి. అయిదో వారం చెరువు దగ్గర రెండో బెంచీ దాకా నడిచారు. బాతుపిల్లలు ఐదూ గట్టు మీద గడ్డి పీకుతున్నాయి, పసుపు పోయి బూడిదరంగు తిరుగుతున్నాయి.

"ఇంకా ఎగరలేదు," అన్నాడాయన.

సుమతి బూటు విప్పి మడమ రుద్దుకుంది. ఆయన ఆ పాదం తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయ్యో, ఏంటండీ ఇది! పాపం చుట్టుకుంటుంది," అంటూ ఆమె గబుక్కున ఆయన భుజం తాకి కళ్ళకద్దుకుంది.

"చివర్న పెడుదువుగాని," అన్నాడు, బొటనవేలు ఒత్తుతూ. "అన్నిటికీ కలిపి."