ముసలమ్మ లేని రొట్టె

బేకరీ మాస్టరు భార్యకు గోధుమ పడదని తెలిసినప్పుడు వీధిలో నవ్వని వాళ్ళు లేరు. నవ్వేవాళ్ళదేం పోయింది, నొప్పి పుట్టేది వాళ్ళ కడుపులోనా? తెల్లారకముందే ఆయన చేతి రొట్టె కోసం నాలుగు వీధుల జనం వరసలో నిలబడతారు. ఇంటావిడ మాత్రం ఆ రొట్టె పొడి నాలిక్కి తగిలినా మంచం ఎక్కుతుంది. ఇందులో నవ్వడానికేముందో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

జబ్బు పేరు సీలియాక్. డాక్టరమ్మ మెలికలు లేకుండా చెప్పింది: "గోధుమలో, బార్లీలో ఒక జిగురు ఉంటుందమ్మా. అది రవ్వంత లోపలికెళ్ళినా మీ ఒళ్ళు మీ పేగునే శత్రువనుకుని కొడుతుంది. దీనికి మందు లేదు. తినకపోవడమే మందు." అంతటితో వదిలినా బాగుండేది. ఆ ఏడే పాలు పడవని తేలింది. మరుసటేడు గుడ్డు. ఆ తరవాత సోయా. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారు, ఈవిడకు రోకళ్ళు మూడొచ్చాయి.

ఆవిడ ఉద్యోగం అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం. పగలంతా తప్పులు ఏరిన కళ్ళతోనే సాయంత్రం కొట్టులో నిలబడి పొట్లాల వెనక చీమ తలకాయలంత అక్షరాలు చదివేది. కారప్పొడి పొట్లం చదవడానికి పావుగంట. ఆడపడుచు ఆవిడకు 'భూతద్దం వదిన' అని పేరు పెట్టింది. "ఒక్క ముక్క తింటే ఏమైపోతావు వదినా, అంతా మనసులో ఉంటుంది" అనే రకం ఆ మనిషి. "మనసులో ఉంటే సర్దుకుపోయేదాన్నమ్మా, పేగులో ఉంది" అని వదిన అంటే మూతి ముడుచుకునేది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

వాళ్ళుండేది మేడ మీద రెండు గదుల్లో. మాస్టరు మధ్యాహ్నం బేకరీ నుంచి కనుబొమల దాకా పిండితో వచ్చేవాడు. మెట్ల కింద పంపు దగ్గర తల తడుపుకుని, ఒళ్ళు రుద్దుకుని, విడిచిన బట్టలు సంచిలో మూతి కట్టి, అప్పుడు మెట్లెక్కేవాడు. అయినా ఒకసారి దెబ్బ తగిలింది. జేబులో మిగిలిన రొట్టె కొస నములుతూ పైకొచ్చి, ఆ చేత్తోనే ఆవిడ కూరగిన్నెలో గరిట తిప్పాడు, ఉప్పు చూద్దామని. ఆవిడ వారం రోజులు లేవలేదు. అప్పటికే నలభై రెండు కిలోల మనిషి, నలభైకి దిగింది.

ఆ రోజుతో మాస్టరుకు తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది. రెండు పూటలా బేకరీలోనే తిని రావడం మొదలుపెట్టాడు. సెలవు రోజైతే కంచం పట్టుకెళ్ళి మెట్ల మీద కూర్చునేవాడు. "చేతులు కడుక్కుని నాతో కూర్చుని అన్నం తింటే చాలదా?" అని ఆవిడ ఎన్నిసార్లు అడిగిందో. "నువ్వూ నేనూ ఒకే రొట్టె తుంచుకుని తినేలా చేస్తాను. అప్పుడే నీ బల్ల దగ్గర కూర్చుంటాను" అన్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు ఆయనకి. అలా మూడేళ్ళు గడిచిపోయాయి.

మూడేళ్ళంటే మాటలా? ఆవిడ ఒంటరిగా తినేది, ఒక కంచం, ఒక గ్లాసు, ఎదురుగా ఖాళీ కుర్చీ. నోరు కట్టుకోవడం అలవాటైంది కానీ మనిషి లేకుండా ముద్ద దిగడం అలవాటు కాలేదు. అచ్చాఫీసు నుంచి వస్తూ బేకరీ ఎదుటి పేవ్‌మెంటు మీద ఆగేది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వేడి రొట్టె వాసన రోడ్డు దాటి వచ్చేది. పెళ్ళైన కొత్తలో మొగుడి మెడ దగ్గర ఉండే వాసన అది. ఇప్పుడు ఆయన దగ్గర సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆ వాసన కోసం ఆవిడకు ఎంత బెంగగా ఉండేదంటే, ఒక్కోరోజు ఏడుపొచ్చేది, బస్సు పొగ కళ్ళలో పడిందని తనకు తానే చెప్పుకునేది.

ఆ వాసన వెనక ముసలమ్మ ఉంది. ముసలమ్మంటే మనిషి కాదు, బేకరీలో జాడీలో ఉండే పులిసిన పిండి. పెరుగుకు తోడు ఎలాగో మాస్టరు రొట్టెకు అది అలాగ. పని నేర్పిన గురువు పోతూ పోతూ చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్ళుగా రోజూ సాయంత్రం దానికింత పిండి, ఇన్ని నీళ్ళు పోస్తున్నాడు. "ముసలమ్మ ఇవాళ అలిగింది," "ముసలమ్మకు జలుబు చేసింది" అని కబుర్లు చెప్పేవాడు. జ్వరమొచ్చి మూడ్రోజులు పడుకుంటే, ముసలమ్మకు ఎవరు పెడుతున్నారని కలవరించిన మనిషి.

రెండు నెలలుగా మంగళవారం, అంటే బేకరీ సెలవు రోజు, ఆయన ఇంట్లో ఇద్దరూ తినగలిగే ఆ రొట్టె పనిలో పడ్డాడు. బియ్యం తప్ప ఇంకేమీ ఆడని మరలో పట్టించిన పిండి. కొత్త రేకు డబ్బా, కొత్త గిన్నె, కొత్త గుడ్డ. చేసేముందు రెండుసార్లు స్నానం, గోళ్ళు మాంసం అంటేదాకా కత్తిరింపు. గుడ్డు పనికిరాదు కాబట్టి అవిసెగింజలు నానబెట్టి ఆ జిగురు కలిపాడు. పాలు లేవు, నీళ్ళే. కొట్లో దొరికే ఈస్టు పొట్లంతో పొంగించాడు. ప్రతిసారీ బయటికొచ్చింది చూసి పెదవి విరిచి, ఆవిడ చేతికి కూడా ఇవ్వకుండా పారేసేవాడు. "దీనికి ప్రాణం లేదోయ్. ఏదో తక్కువైంది" అనేవాడు.

తొమ్మిదో మంగళవారం రొట్టె పొంగింది. గోపురంలా కాదు, బోర్లించిన మూకుడులా, కానీ పొంగింది. పైన నెర్రెలు విచ్చి ఎర్రగా కాలింది. వాసన రెండు గదులూ నిండి మెట్ల దాకా పాకింది. ఆవిడ అచ్చాఫీసుకు సెలవు పెట్టి, బల్ల మీద రెండు కంచాలు పెట్టింది. రెండో కంచాన్ని రెండుసార్లు కడిగింది.

మాస్టరు రొట్టె కోసి, మొదటి ముక్క ఆవిడకిచ్చి, కూర్చోకుండా కుర్చీ వెనక నిలబడ్డాడు. "ముందు నువ్వు తిని చెప్పు."

ఆవిడ కొరికింది. పైపెచ్చు కరకరమంది. లోపల మెత్తగా, కొంచెం పుల్లగా ఉంది. ఆ పులుపు నాలిక మీద పాకేసరికి ఆవిడ కళ్ళు మూసుకుంది. పెళ్ళైన కొత్త, మొదటి అద్దె గది, వేడి రొట్టెను ఊదుకుంటూ తుంచుకున్న పొద్దున్నలు, అన్నీ ఒక్కసారి నోట్లోకి వచ్చేశాయి. మాస్టరు ఆ మొహం చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ నవ్వు వింటూనే ఆవిడ నమలడం ఆపింది. ఈ పులుపు తనకు తెలుసు. బియ్యానికి ఇది తలకిందులుగా తపస్సు చేసినా రాదు. తనకు తెలిసిన రుచి లోకంలో ఒక్కచోటే ఉంది.

మింగేద్దామనిపించింది. దాచడమెందుకు, చాలా గట్టిగా అనిపించింది. ఒక్క ముద్ద. వారం నొప్పి భరిస్తే ఆయన ఇప్పుడే కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. కానీ ఈ మంగళవారం కూర్చున్నవాడు వచ్చే మంగళవారం ఇదే రొట్టె మళ్ళీ చేస్తాడు. పై నెలలో రక్తపరీక్ష ఉంది. ఈసారి తేడా వస్తే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరమ్మ చెప్పేసింది. ఆవిడ ఆ ముద్దను ఇంకో రెండుసార్లు నమిలింది, మెల్లగా, రుచి చివరిదాకా తీసుకుని. తరవాత లేచి సింకులో ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్ళీ మళ్ళీ పుక్కిలించింది.

"ఏమైందోయ్?"

"దేంతో పొంగించారు?"

"ఇంకా దేంతో. మన ముసలమ్మతోనే," అన్నాడు గర్వంగా. "ఎన్నాళ్ళనుంచో ఏదో తక్కువైంది, తక్కువైందంటున్నానే, అదే. సీసాలో వేసుకుని నిన్న పట్టుకొచ్చాను. రెండే చెంచాలు."

"ముసలమ్మ ఏం తింటుందండీ?"

మాస్టరు చూపు సీసా మీదికి పోయింది. గిన్నె మార్చాడు, గుడ్డ మార్చాడు, గోళ్ళు తీశాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాడు. ఇరవై రెండేళ్ళు గోధుమపిండి తిని పెరిగిన ముద్దను ఆయన ఏనాడూ పిండి అనుకోలేదు మరి. అది ముసలమ్మ. ఇంట్లో మనిషి.

గోడకు చేరబడి నేల మీద కూర్చుండిపోయాడు. "ఈ పని మానేస్తాను," అన్నాడు.

"మానేసి?"

"ఏదో ఒకటి. గోడౌన్లో వాచ్‌మన్‌గా చేరతాను."

"మీరు నిలబడి నిద్రపోయే రకం. గోడౌన్ మోసుకుపోయినా లేవరు," అంది ఆవిడ. ఏడుస్తూనే అంది. "నాకు మీరు ఆ పని మానడం వద్దు. మీరు నా ఎదురుగా కూర్చోవడం కావాలి. మూడేళ్ళుగా అదే అడుగుతున్నాను, మీకు వినపడదు. ముసలమ్మను ఎవరో ఒకరు ఒకనాడు మొదలుపెట్టే ఉంటారుగా. నేనూ ఒకదాన్ని మొదలుపెడతాను. మీరు ముట్టుకోవద్దు. గుమ్మం అవతల నిలబడి చెప్పండి, చాలు."

అంత జాగ్రత్తగా ఉమ్మినా రెండ్రోజులు కడుపు మెలిపెట్టింది. మూడోరోజు లేచి దంపుడు బియ్యం పిండి, నీళ్ళు కలిపి గాజుసీసాలో పోసింది. మాస్టరు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "పల్చనైంది. ఇంకో చెంచా వెయ్యి. మూత బిగించకు, ఊపిరాడదు." రెండోరోజు ఏమీ లేదు. నాలుగోరోజు తడి మేజోళ్ళ కంపు కొట్టింది. ఆడపడుచు వచ్చి ముక్కు మూసుకుని, "ఇంట్లో ఏం చచ్చింది వదినా?" అంది. తొమ్మిదోరోజు ఒక బుడగ లేచింది. మాస్టరు గుమ్మంలోంచే దాన్ని చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మూడో మంగళవారం ఆవిడే పిసికి, ఆవిడే కాల్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు బయటికొచ్చింది. చదునుగా, బూడిదరంగులో, ఇటుకంత బరువుగా. మాస్టరు మోచేతుల దాకా చేతులు, మీసం తడిసేలా మొహం కడుక్కుని వచ్చాడు. కుర్చీ లాగి, ఒక క్షణం ఆగి, కూర్చున్నాడు.

ఆవిడ కొరికి చూసింది. ఆ రుచి లేదు. ఆ రుచి ఇక ఎప్పటికీ రాదని ఆవిడకు ఆ ముక్కతో తెలిసిపోయింది, ప్రాణం ఉసూరుమంది. ఎదురుగా ఆయన నములుతున్నాడు. రొట్టె విషయంలో అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు.

"ఉప్పు చాల్లేదు," అన్నాడు. "మధ్యలో పచ్చి ఉంది. ఇంకో అరగంట పొంగనివ్వాల్సింది. పైన నీళ్ళు చల్లలేదు నువ్వు, అందుకే ఇలా పగిలింది. అవిసె కాస్త ఎక్కువైంది..."

పనివాళ్ళకు చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. చెబుతున్నంతసేపూ మీసం మీంచి పొడి రాలుతూనే ఉంది, బల్ల మీద, ఆవిడ కంచం పక్కన. ఆవిడ చూపుడువేలితో ఒక పలుకు అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"అది నా నోట్లోంచి పడిందోయ్," అన్నాడు. "ఎంగిలి."

"తెలుసు," అంది ఆవిడ, ఇంకో పలుకు కోసం బల్ల మీద చూస్తూ.