బాతు కాళ్ళ మట్టి

నిన్న పచ్చగా మెరిసిన మగబాతు తల ఇవాళ నల్లగా కనిపించింది. కెమెరాలోంచి కన్ను తీసి చూశాను, నలుపే. కళ్ళు నులుముకుని చూశాను, నలుపే. గుండె గుభేలుమంది.

ఇంత చిన్నదానికేనా అనకండి. అచ్చాఫీసులో రంగులు సరిచూడటం నా పని. మొదటి కాగితం చూసి నేను ఊ అంటేనే మిగతావి అచ్చవుతాయి. నాకు ముందు ఆ కుర్చీలో మా నాన్న ఉండేవాడు. ఒకరోజు ఎర్రకోట బొమ్మ మీద దుమ్ముందంటూ గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. దుమ్మూ లేదు, ధూళీ లేదు. ఆయనకు ఎరుపు కనిపించడం మానేసింది. ఎవరికీ చెప్పకుండా ఏడాది నెట్టుకొచ్చాడు. ఆఖరికి డాక్టరు, "ముందే వచ్చుంటే చూపు నిలబెట్టేవాళ్ళం, ఇది పిల్లలకూ రావచ్చు" అన్నాడు. అప్పటినుంచీ నాకు భయం.

అందుకే జతకట్టే కాలం రాగానే రోజూ పొద్దున్నే ఈ చెరువుకొస్తాను. ఒంటినిండా రంగులతో పెళ్ళికొడుకుల్లా ముస్తాబై తిరిగే మగబాతుల్ని ఫొటోలు తీయడానికని పైకి చెబుతాను. నిజానికది నా కళ్ళకు నేను పెట్టుకునే పరీక్ష.

"ఏమైందే, అలా బిగుసుకుపోయావు?" అంది అక్క. తోడొచ్చి, చలికి నన్ను తిట్టుకుంటూ రెల్లు చాటున కూర్చోవడం దాని పని.

"ఏం లేదు" అన్నాను. కెమెరా మళ్ళీ కంటికి ఆనించుకున్నాను.

బాతు తల ఆడించుకుంటూ ఆడబాతు చుట్టూ తిరిగింది. ఈసారి తల ఊదారంగు! అయిపోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను.

"ఓసినీ! ఇందాక నలుపు, ఇప్పుడు ఊదా. ఇది బాతా, ఊసరవెల్లా?" అంది అక్క.

"నీక్కూడా అలాగే కనిపించిందా?"

"కనిపించక? నాకేమన్నా కళ్ళు లేవా?"

మబ్బు తొలగింది. తల మళ్ళీ పచ్చగా భగ్గుమంది. వెలుగు పడే తీరును బట్టి మారే రంగది! ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. భయమంతా అక్క ముందు కక్కేశాను.

"పిచ్చిమొహమా, ఒక్క మాట చెప్పి ఏడవచ్చుగా" అని వీపు మీద ఒక్కటిచ్చింది.

ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే బాతు ఆ పూట గట్టెక్కింది. టకటకా నాలుగు ఫొటోలు తీసి అక్కకు చూపించాను. "చూడు, ఎంత బాగా వచ్చాడో! కాళ్ళకు మట్టి అంటుకుంది గానీ, ఖర్మ."

అక్క ఫొటో చూసింది. గట్టు మీది బాతును చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మట్టెక్కడే?" అంది మెల్లగా. "కాళ్ళు నారింజ తొక్కలా మెరిసిపోతుంటేను."

"వేళాకోళమాడకు."

"ఒట్టే."

బాతు వైపు చూశాను. అప్పుడే నీళ్ళలోంచి వచ్చిన కాళ్ళు, ఇంకా తడి ఆరలేదు. నాకు మాత్రం మట్టిరంగులోనే ఉన్నాయి.

"కెమెరా తెర మీద మరకేమోలే" అన్నాను. బొటనవేలు అప్పటికే తెరను తుడుస్తోంది.

అక్క ఆ వేలు గట్టిగా పట్టుకుంది. "నాన్నలాగే చేస్తున్నావే. ఆపు. పద, డాక్టరు దగ్గరికి, ఇప్పుడే" అంది. నా చేతిలోంచి కెమెరా లాక్కుని లేచింది.