వదిన కూర్చునే చోటు

మా ఆయన ముఖం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను కాస్త ఆలోచించుకుని చెప్పాలి. వీపు గురించి అడిగితే మాత్రం తడుముకోను. పెళ్ళయిన దగ్గర్నుంచీ నేను కాపురం చేస్తున్నది ఎక్కువగా ఆ వీపుతోనే. పొద్దున్నే మగ్గం ముందు కూర్చుంటాడు, వెలుతురు తగ్గాక లేస్తాడు. మధ్యలో టీ తీసుకెళ్తే చెయ్యి వెనక్కి చాపి అందుకుంటాడు. ఒకసారి ఆ చేతిలో కప్పుకి బదులు ఉల్లిపాయ పెట్టి చూశాను. నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి, పక్కన పెట్టి, మళ్ళీ చెయ్యి చాపాడు. వెనక్కి మాత్రం తిరగలేదు.

పట్టు తివాచీలు చేత్తో ముడివేసి నెయ్యడం ఆయన పని. గోడంత ఎత్తున నిలబడే మగ్గానికి పైనుంచి కిందికి పడుగు దారాలు బిగించి ఉంటాయి. ఒక్కో జత దారాలకి పట్టుపోగు చుట్టి ముడివేసి, కిందికి లాగి, పుటుక్కున కత్తితో కోస్తారు. వరుసంతా ముళ్ళు పడ్డాక అడ్డంగా పేక దారం పోనిచ్చి ఇనుప దువ్వెనతో దిగ్గొడతారు. ఇలా ఒక్క గులాబీ విచ్చుకునేలోపు మా కిటికీ దగ్గర కుండీలో టమాటా మొక్క పూసి, కాసి, ఎండిపోయేది. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. తివాచీలో పూసే పువ్వులు ఏ మొక్కకీ పూయవని కనిపెట్టడానికి తప్ప ఆ చదువు ఈ ఇంట్లో ఎందుకూ అక్కరకు రాలేదు.

అయినా ఆ పువ్వుల మీద నాకు మోజే. పట్టు పోగులు నిటారుగా నిలబడవు, ఎటో ఒక వైపు వాలి ఉంటాయి. వాలిన వైపు నుంచి, అంటే పోగు మొనలు మనకేసి చూస్తున్నప్పుడు, గులాబీ ముదురుగా, తడిసినట్టు కనిపిస్తుంది. అవతలి వైపుకి నడిస్తే అదే గులాబీ పాలు పోసినట్టు తేలిపోతుంది. మగ్గం మీంచి దించిన తివాచీ నేలమీద పరిచినప్పుడల్లా నేను ఏదో పని ఉన్నట్టు దాని చుట్టూ తిరిగేదాన్ని.

మగ్గం ముందు పొడుగాటి బల్ల ఒకటే. కుడి చివర మా ఆయన, ఎడమ చివర వదిన. వదిన మా ఆయనకి అక్క. ముడి వెయ్యడం ఆయనకి నేర్పింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. దాని గురించి ఎవరైనా జాలిపడబోతే, తీరిక దొరకలేదమ్మా అనేది. మా వీధి చివర బట్టల దుకాణం పైన ఒక్క గదిలో ఉండేది. గది పడుకోవడానికే, బతకడమంతా మా ఇంట్లో ఆ బల్ల మీదే.

గళ్ళ కాగితం మీది డిజైను చూసి వదిన రంగులు చదివేది. గులాబి రెండు, లేత గులాబి ఒకటి, ఆకు మూడు. ‘వేశా’ అనేవాడు మా ఆయన. మళ్ళీ గులాబి ఒకటి, ఎరుపు రెండు. ‘వేశా.’ మా ఇంట్లో మాట వినబడేది అలా. ఆ వరస మీద వంటింట్లో నా కత్తిపీట కూడా నడిచేది. మధ్యాహ్నం మాత్రం వదిన లోపలికొచ్చి నాతో కూర్చుని తినేది. వారానికి సరిపడా కబుర్లన్నీ ఒక పూటలోనే అయిపోయేవి, మర్నాడు మళ్ళీ కొత్తవి తెచ్చేది. ఎక్కణ్ణుంచి తెచ్చేదో తెలియదు. పగలంతా నా ఎదురుగానే ఉండేదిగా.

అప్పుడు మగ్గం మీదున్నది పెద్ద గులాబీల తివాచీ. సగం ఆయనది, సగం ఆవిడది. ఒకరోజు భోజనాల వేళకి మా ఆయన తన చోటు నుంచే కాస్త వెనక్కి వాలి తివాచీని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. తర్వాత, అక్క గులాబీలు వెలిసినట్టున్నాయన్నాడు. ఇద్దరం ఒకే ఉండ నుంచి తీస్తున్నాం కదరా అంది వదిన. బుట్టలో గులాబి, లేత గులాబి పక్కపక్కనే ఉంటాయి, నువ్వు లేతది తీస్తున్నావన్నాడు ఆయన. లేదంది. ఉందన్నాడు. నేను రెండు కంచాలతో గుమ్మంలో నిలబడి ఉన్నాను.

“నీకు తేడా తెలియట్లేదక్కా,” అన్నాడు. “కళ్ళు పోయాయి నీకు. ఒప్పుకో.”

చెయ్యి తిన్నగా లేదంటే వదిన తిట్టి ఊరుకునేది. కళ్ళ మీదే మాట పడింది. ముదురు గులాబికీ, దానికన్నా రవ్వంత ముదురు గులాబికీ తేడా చెప్పగలిగే కళ్ళవి, ఆవిడ ఆస్తంతా అవే. కత్తి తుడిచి తొడుగులో పెట్టుకుంది. చెప్పులేసుకుంటూ, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకో అమ్మాయీ అంది నాతో. మళ్ళీ రాలేదు.

మా ఆయన తన సగం తాను ముడివేస్తూ పోయాడు. అవతలి సగంలో కూడా ముళ్ళు పడితేగాని పేక దారం దాటదు, అందుకని తన వైపు వరుస పూర్తయ్యాక పని ఆగిపోయింది. అయినా పొద్దున్నే వెళ్ళి కూర్చునేవాడు. పోగులు సర్దేవాడు, కత్తి నూరేవాడు. అలవాటు కొద్దీ ఒకసారి “ఆ తర్వాత?” అని అడిగి, పక్కన ఎవరూ లేరని గుర్తొచ్చి ఆగిపోయాడు. వంటింట్లోంచి నేను “గులాబి రెండు” అన్నాను. ఆయన మళ్ళీ కత్తి నూరుకోవడంలో పడ్డాడు.

నేను ఒక్కదాన్నే వంటింట్లో తినేదాన్ని. కొన్నాళ్ళకి కుక్కర్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను. అదైతే కనీసం ఈల వేస్తుంది. కొత్తగా పొరుగింట్లో దిగినవాళ్ళ గురించి సగం కబురు చెప్పి, మిగతా సగం వదినకి చెబుదామని దాచుకుని, ఆ సగం ఏమిటో మర్చిపోయాను.

ఒక సాయంత్రం మా ఆయన నోరు విప్పాడు. అక్క వేసిన గులాబీలన్నీ రేపు విప్పేసి, మళ్ళీ మొదట్నుంచీ తనే వేస్తాడట. అందులో తప్పేముందన్నట్టు చెప్పాడు. నాకు మాత్రం తెలుసు, ఆ ముళ్ళు విప్పాక ఇక వదినని ఏ మొహం పెట్టుకుని పిలిచినా ఆ బల్ల మీదకి రాదు. గిన్నెలో ఇంత కూర సర్దుకుని వీధి చివరికి బయల్దేరాను.

వదిన గదిలో కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంది. వెలుతురంటే పడిచచ్చే మనిషి. రేడియోలో ఎవరో ఏదో చెబుతున్నారు గాని ఆవిడ వినడం లేదు. నన్ను చూడగానే ఒళ్ళో ఉన్న రవికె, ఒక దారం ఉండ నా ముందు పెట్టి, ఈ రెండూ ఒకే రంగేనా చూసి చెప్పు అమ్మాయీ అంది. ఒకటే నీలం. గుడ్డివాళ్ళకైనా తెలిసేంత నీలం. ఒకటేనన్నాను. “ఏమో,” అంది, సూది పక్కన పెట్టేస్తూ. “ఇంక కుట్టను. తప్పు దారం వేస్తే నలుగురూ నవ్వుతారు.”

ఇన్నాళ్ళూ వదినకి తమ్ముడి మీద కోపం వచ్చిందనుకున్నాను. కోపమైతే బాగుండేది. ఆవిడ ఆ మాట నమ్మేసింది.

మీకు మీ గులాబీలు వెలిసినట్టు కనిపించాయా అని అడిగాను. లేదంది. ఎవరికీ చెప్పొద్దన్నట్టు గొంతు తగ్గించింది.

“నాకు వాడివే వెలిసినట్టు కనిపించేవి. ఈ మధ్యన, ఈ పెద్ద పువ్వులు మొదలెట్టాక. వాడికేమో నావి. ఇద్దరిలో ఎవరో ఒకరి కళ్ళు పోయుండాలి కదా. చిన్నవాడివి పోవుగా మరి.”

గిన్నె అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. ఇద్దరివీ మంచి కళ్ళే అయి, ఎవరికి వాళ్ళు చూసింది నిజమే అయితే?

మర్నాడు పొద్దున్న మా ఆయన కత్తి పట్టుకుని వదిన చోట కూర్చున్నాడు. ఆ చోట ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి. ముక్కు తివాచీకి ఆనించి మొదటి ముడి ఎక్కడుందో వెతుకుతున్నాడు. నేను చెయ్యి తుడుచుకుని వెళ్ళి బల్ల కుడి చివర, ఆయన చోట, దర్జాగా కూర్చున్నాను. ఆ చోటు నుంచి వదిన గులాబీలు చూశాను. పాపం, ఆయన అబద్ధం చెప్పలేదు. వెలిసినట్టే ఉన్నాయి.

“అక్కడ కూర్చోకు. దిండు నలుగుతుంది,” అన్నాడు.

“మీ గులాబీలేంటండీ, వెలిసిపోయాయి?” అన్నాను, వదిన చెప్పిన మాటే అప్పజెబుతూ.

కసురుకోవడానికి ఇటు తిరిగాడు. నా భుజం పక్క నుంచి తన గులాబీలు కనిపించాయి, పాలు పోసినట్టు వెలిసి. కసురు నోట్లోనే ఉండిపోయింది.

లేచి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మళ్ళీ అటు వెళ్ళి కూర్చున్నాడు. మళ్ళీ వచ్చాడు. నేను కదలకుండా కూర్చున్నాను. ఆయన ముఖం అంత సేపు కనబడటం నాకూ కొత్తే. చివరికి తన గులాబీల మీద బొటనవేలు పెట్టి మెల్లగా దువ్వాడు. పోగులు తిన్నగా కిందికి వాలి లేవు, ఏటవాలుగా కుడికి, ఆయన చోటు వైపుకి వాలి ఉన్నాయి. వదినవి తిన్నగా కిందికే వాలి ఉన్నాయి. అందుకే ఆయన చోటు నుంచి చూస్తే ఆయనవి ముదురు, వాటి పక్కన వదినవి వెలిసినట్టు. అవతలి నుంచి చూస్తే ఆయనవే పాలిపోయినట్టు. రంగులో తేడా లేదు. తేడా అంతా ముడి వేశాక పోగు లాగే చేతిలో ఉంది.

ఆయన కుడి భుజం కొన్నాళ్ళుగా పట్టేస్తోందని నాకు తెలుసు. తువ్వాలు ఎడమ చేత్తో తీసుకుంటున్నాడు. అడిగితే ఏం లేదనేవాడు. నొప్పెట్టే చెయ్యి తిన్నగా కిందికి దిగక, సుఖంగా ఉన్న వైపుకి లాక్కుపోతోందన్నమాట. అది ఆయనకీ తెలియలేదు.

“ఎన్నాళ్ళ నుంచి భుజం?” అన్నాను. కత్తి కింద పెట్టాడు, చెప్పులేసుకున్నాడు. ఇంటి తాళంచెవి మర్చిపోయాడు కాబట్టి నేనూ వెనకే వెళ్ళాను. లేకపోతే నాకేం పని.

వదిన తలుపు తీసి పక్కకి జరిగింది. ఆయన గడప దగ్గరే నిలబడి మొదలుపెట్టాడు. మబ్బు పట్టిన రోజుల్లో వెలుతురు సరిగా ఉండదట. ఈసారి పట్టు కూడా అంత మంచిది కాదట. రంగులవాడి మీద కూడా కొంత తోశాడు. వదిన అన్నీ తలూపుతూ విని, కుర్చీ తుడిచింది.

“కూర్చో, టీ పెడతాను,” అంది. “విప్పేశావా నావి? సరేలే. నువ్వే వేసుకో ఇక. నాకు కనబడదురా.”

టీ గిన్నె కోసం తడుముతోంది. ఎదురుగా ఉన్న గిన్నె కోసం, నిజంగానే కనబడనట్టు. అది చూసి మా ఆయన గడప దాటి వచ్చి, గిన్నె తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

“విప్పలేదక్కా,” అన్నాడు. “నీ కళ్ళకేం కాలేదు. నా చెయ్యి వంకరపోయింది, భుజం నొప్పని ఎవరికీ చెప్పలేదు. నీవన్నీ తిన్నగానే ఉన్నాయి. నేనన్నది తప్పు.”

వదిన గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడకి వినపడలేదేమోననుకున్నాడు కాబోలు, ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెప్పాడు.

“తప్పు నాదే అక్కా.”