టోకెన్ బయట ఉంది

తాత అన్నం మానేసి నాలుగు రోజులైంది. కంచం దగ్గరకు తెస్తే ముఖం తిప్పుకుని, "బండి ఇంకా లైన్లోనే ఉందే సందనా" అని నాతో అంటాడు.

"ఏ బండి మావా? పట్టాలే పీకీసినారు. రైల్లేని స్టేషన్‌కి నువ్వొక్కడివే డ్యూటీ సేత్తన్నావ్" అని నవ్వింది అమ్మ. వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

తాత ఎర్రమెట్ట జంక్షన్‌లో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పోర్టు లైను, ఉక్కు ఫ్యాక్టరీ లైను అక్కడే విడిపోయేవి. నేను పుట్టకముందే స్టేషన్ మూసేశారు.

నిన్న అమ్మ ఇంట్లో లేనప్పుడు తాత మంచం కింది రేకు పెట్టె తీయించాడు. పాత ఖాకీ చొక్కాలో చుట్టిన ఇనుప బంతి. టోకెన్. అది చేతికొస్తేనే డ్రైవరు బండి కదపాలి. చేరిన స్టేషన్‌లో దాన్ని మిషన్‌లో వేస్తేనే లైను ఖాళీ అయినట్టు. ఆఖరి గూడ్సు డ్రైవరు ఇచ్చిన బంతిని తాత జేబులో వేసుకుని, వీడ్కోలు మిఠాయిల సందడిలో మరిచిపోయాడు. తర్వాత సిగ్గుతో దాచేశాడు.

"నాను ఎయ్యలేదే. ఆ గూడ్సోళ్ళింకా లైన్లోనే ఉన్నారు. కూతేత్తన్నారు, నీకినబళ్ళేదేటి?"

వినబడుతోంది. నాలుగు రోజులుగా, సాయంత్రం నాలుగున్నరకి. ఈ డైరీలో తప్ప ఎక్కడా చెప్పలేదు.

ఈ రోజు బంతి సంచిలో పెట్టుకుని, బడి నుంచి నేరుగా స్టేషన్‌కి వెళ్ళాను. ప్లాట్‌ఫారం నిండా ఎర్రమట్టి, తుమ్మ ముళ్ళు. పేరు బోర్డు మీద 'జంక్షన్' ఒక్కటే మిగిలింది. కప్పు లేని గదిలో, మోయలేక వదిలేశారేమో, ఎర్ర మిషన్ అలాగే ఉంది. దాని తీగలు తెగి వేలాడుతున్నాయి.

బంతి వేశాను. లోపల దొర్లి ఆగింది. మిషన్ మీది గంట ఒక్కసారి మోగింది.

పట్టాలు లేని నేల కాళ్ళ కింద అదిరింది. వేడి నూనె వాసన ముఖానికి కొట్టింది. చాలాసేపు ఏదో బరువుగా నా పక్కనుంచి వెళ్ళింది. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఎక్కడికెల్నావే? మావ లేసి కూకున్నాడు, అన్నమెట్టమంతన్నాడు!"

తాత ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆగాడు. "ఆఖరి పెట్టెకి ఎల్‌వీ బోర్డు సూసేవా?"

ఆ బోర్డు కనబడితేనే బండి మొత్తం వచ్చినట్టట. లేకపోతే కొన్ని పెట్టెలు దారిలో ఊడిపోయినట్టట. అది చూశాకే బంతి వేయాలట.

ముద్ద ఇంకా తాత నోటి దగ్గరే ఉంది.

"చూశాను తాతా."

తాత తిన్నాడు. రెండోసారి అడిగి మరీ పెట్టించుకున్నాడు.

రేపు నాలుగున్నరకి మళ్ళీ కూత వస్తుందేమోనని నేను ఒక్కదాన్నే వినాలి.