గిడియన్ గారి భార్య పేరు

చొక్కా మెడ దగ్గరి కుచ్చులకు ఇస్త్రీ చెయ్యడం పెద్ద తలనొప్పి. రోస్లిన్ ఒక్కో కుచ్చునూ వేలితో ఎత్తి, ఇస్త్రీపెట్టె మొన దూర్చి, కాలకుండా నొక్కుతోంది. తెల్లవారితే గిడియన్ వెల్బర్న్ పుట్టినరోజు వేడుక. అమెరికా దేశం పుట్టే రోజుల్లో ఈ ఊరి నుంచి కనెటికట్ రాష్ట్రం తరఫున మాట్లాడటానికి ఫిలడెల్ఫియా వెళ్ళిన పెద్దమనిషి ఆయన. ఆయన పేరు మీద ఊళ్ళో ఒక సంఘం ఉంది. దానికి అధ్యక్షుడు రోస్లిన్ భర్త డ్వైట్. ఏటా ఆ చొక్కా తొడుక్కుని, తెల్ల విగ్గు పెట్టుకుని గిడియన్ అయ్యేదీ అతనే.

"ముడత కనిపించకూడదు సుమా, ఫోటోలు తీస్తారు," అన్నాడు డ్వైట్, ఉపన్యాసం వల్లె వేసుకుంటూ.

"డ్వైట్, ఆవిడ పేరేంటి?"

"ఎవరి పేరు?"

"గిడియన్ గారి భార్య పేరు."

"మళ్ళీ మొదలెట్టావా? మిసెస్ వెల్బర్న్."

"అది ఆయన పేరు కదా."

"ఆయన గుర్రం పేరు కావాలంటే చెప్తాను. కేటో!" అని పకపకా నవ్వాడు.

ఈ ప్రశ్న రోస్లిన్‌కు పుట్టింది కాదు. కిందటేడు వేడుకకు వేరే ఊరి నుంచి వచ్చిన ఒకావిడ అడిగింది. రోస్లిన్ ఎప్పటిలాగే నేతబట్ట గౌను, కుచ్చుల టోపీ వేసుకుని గిడియన్ పక్కన ఆయన భార్య వేషంలో నిలబడి ఉంది. అంతకు ముందు ఆ టోపీ అత్తగారు హ్యారియెట్‌ది. దాన్ని చేతిలో పెడుతూ ఆవిడ, "ఇందులో కష్టమేం లేదమ్మాయ్, ఆయన ఎడమపక్కన నిలబడి నవ్వు, అంతే. నేను నోరు విప్పకుండా నెట్టుకొచ్చాను, నువ్వూ నెట్టుకురా," అంది. రోస్లిన్ నెట్టుకొస్తూనే ఉంది. ఆ పరాయి ఊరావిడ పేరు అడిగినప్పుడు మాత్రం బిక్కమొహం వేసింది. అప్పట్నుంచీ తను పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తుతూ ఉంటే గిడియన్ భార్య గుర్తొస్తుంది, వేడుకకు యాపిల్ పైలు కాలుస్తుంటే గుర్తొస్తుంది. ఆయన అక్కడ దేశాన్ని కడుతుంటే ఇక్కడ చలికాలం కట్టెలు ఎవరు కొట్టారు? ఆవుకి జబ్బు చేస్తే ఎవరు మేలుకున్నారు? ఆయన ఉత్తరాలు రాసేవాడా, రాస్తే ఈవిడకు చదవడం వచ్చా? సంఘంలో చేరితే ఇలాంటివి తెలుస్తాయేమోనని ఒకసారి ఉపాధ్యక్షుడు పెల్హామ్‌ను అడిగింది. "నువ్వు వేరే సభ్యురాలివి కావడమేంటమ్మా, మా సంఘానికి వెన్నెముకవి నువ్వు!" అన్నాడాయన. వెన్నెముకకు ఓటు ఉండదని ఆమెకు తర్వాత అర్థమైంది.

పొద్దున్నే బకెట్టు, మెత్తటి బ్రష్షు పట్టుకుని చర్చి వెనక స్మశానానికి వెళ్ళింది. వేడుక ముందు గిడియన్ సమాధిరాయి కడగడం ఏటా ఆమె పనే. కడిగింది, పూలచక్రం ఆనించింది, చిన్న జెండా గుచ్చింది. పక్కనే పొట్టిరాయి ఒకటి ఒరిగి ఉంది. పైభాగమంతా పాచి. కింద 'గిడియన్ వెల్బర్న్ భార్య' అన్న మాటలు మాత్రం కనిపిస్తున్నాయి. దాన్ని కడగమని ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం తనకు తోచలేదేం అనుకుంటూ రోస్లిన్ తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. నీళ్ళు పోసి, నానబెట్టి, రాయి రాలకుండా నెమ్మదిగా రుద్దింది. పాచి పొరలు పొరలుగా ఊడింది. ఒక్కో అక్షరం పైకి తేలింది.

డిజైర్.

కోరిక. ఒక ఆడపిల్లకు ఎవరో కోరిక అని పేరు పెట్టారు! రోస్లిన్‌కు నవ్వొచ్చింది. తర్వాత ఎందుకో చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం సమాధి దగ్గర జనం చేరారు. డ్వైట్ బ్రహ్మాండంగా మాట్లాడాడు. చివర్లో ఎప్పటిలాగే చెయ్యి చాపి, "ఇక వీరు మిసెస్ వెల్బర్న్," అన్నాడు. ఆమె వంగి నమస్కరించాలి.

"నా పేరు డిజైర్," అంది రోస్లిన్.

ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరుసలో ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటమ్మా, ఏంటి?" అంది.

"డిజైర్ అండీ. ఇదిగో, ఈ రాయి మీద ఉంది. ఆవిడ గురించి నాకు ఇంకేమీ తెలీదు. తెలుసుకోవాలని ఉంది."

ముసలావిడ కర్ర ఊతంగా లేచి వచ్చింది. వంగి, తడి ఆరని అక్షరాలను వేలితో తడిమింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచారు. గిడియన్ తన కాగితాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇంటికి రాగానే డ్వైట్ విగ్గు తీసి బల్ల మీదికి విసిరాడు.

"పెల్హామ్ మొహం చూశావా? ఊరంతా నన్నొదిలేసి ఆ రాయి చుట్టూ చేరారు! ఒక్కమాట మాట్లాడక్కర్లేని పని అది. అదీ చెయ్యలేవా? అసలు నీకేం కావాలి, రోస్లిన్?"

పొయ్యి వైపు వెళ్తున్న రోస్లిన్ ఆగింది. కోపంగా అడిగాడు, నిజమే. కానీ పెళ్ళయ్యాక అతను ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు. ఈ ఇంట్లో ఎవరికేం కావాలో అడిగేది ఎప్పుడూ తనే. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆగు, ఆలోచించనీ," అంది.

క్షమాపణ కోసం డ్వైట్ ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆమె నిజంగానే ఆలోచిస్తోంది.